హాజరుపట్టీలో పేరు, చాట ముందు పిల్ల

(బాలికల చదువుపై జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల మహిళా కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలంటే మనకు కొంత భయం, కొంత అనుమానం. అవి ఆఫీసర్ల వ్యవహారం, మన పని జనం మధ్య అనుకుంటాం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. నేను బీడీలు చేసే తల్లి బిడ్డను. ఏడో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసింది. నెలల తరబడి బడికి పోలేదు. చాట ముందు కూచుని ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి లెక్క అప్పజెప్పేదాన్ని. మళ్ళీ బడికి పోయి చూస్తే హాజరుపట్టీలో నేను అన్ని రోజులూ వచ్చినట్టే ఉంది. నేను లేనన్న సంగతి కాగితం మీద లేదు. కనుక నన్ను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ఇవాళ నేను చెప్పబోయేది ఇదే: లెక్కలో లేని పిల్లకు హక్కు కూడా అందదు.

ఒకసారి లెక్కే మన ప్రాంతానికి మేలు చేసింది. 1991 జనగణనలో దేశంలో స్త్రీల అక్షరాస్యత 39.29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 32.72 శాతం. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువున్న జిల్లాలకు ప్రాధాన్యమిచ్చి జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, అదే డీపీఈపీ, మొదలుపెట్టారు. 1996-97లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదట తీసుకున్న ఐదు జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ జిల్లాలోనివే. ఏటా ప్రతి బడి వివరాలు సేకరించే డైస్ పద్ధతి కూడా ఆ కార్యక్రమంతోనే వచ్చింది. 2012-13 నుంచి అది యూడైస్ అయింది. 2022-23 నుంచి ఒక్కొక్క విద్యార్థి పేరునా వివరాలు రాస్తున్నారు.

మరి పని అయిపోయిందా? 2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతంలో పురుషుల అక్షరాస్యత 75.04 శాతం, స్త్రీలది 57.99 శాతం. ఇది సగటు. సగటులో ఊరి నడిమి ఇల్లూ, దళితవాడ ఇల్లూ కలిసిపోతాయి. ఉదాహరణకు, ఒక బడిలో నూరుమంది పిల్లలుంటే తొంభైమంది రోజూ వస్తున్నారనుకోండి. అందరూ మెచ్చుకుంటారు. రాని ఆ పదిమందీ ఒకే వాడ ఆడపిల్లలైతే? తొంభై శాతం అన్న మాట ఆ వాడను మన కళ్ళ నుంచి దాచేస్తుంది.

చట్టం కూడా కొన్నిసార్లు దాచింది. 1986 బాలకార్మిక చట్టం బీడీ తయారీని పిల్లలకు నిషేధించిన పనుల్లో చేర్చింది. కానీ ఇంట్లో కుటుంబంతో కలిసి చేసే పనిని మినహాయించింది. మన ఆడపిల్లలు బీడీలు చేసేది ఎక్కడ? ఇంట్లోనే! 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది, మంచిదే. అది పద్నాలుగేళ్ళ దాకానే. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి, ఇంట్లో పెళ్ళి మాట ఎత్తే వయసులో, ఆ చట్టం అండ తప్పుతుంది.

కాబట్టి మనమేం చేయాలి?

మొదటిది, అంకెలు కాదు, పేర్లు చూడాలి. నిరుడు ఐదో తరగతి చదివిన అమ్మాయిల పేర్లు, ఈ ఏడు ఆరులో ఉన్న పేర్లు పక్కపక్కన పెట్టండి. ఏడు, ఎనిమిది, పది తరగతుల తర్వాత కూడా అట్లాగే చూడండి. తేడా వచ్చిన ప్రతి పేరూ ఒక ఇంటి తలుపు.

రెండోది, విడదీసి చూడాలి. ఆడ, మగ, కులం, వాడ, తల్లి చేసే పని. సిరిసిల్లలో సాంచాల పని తగ్గి కుటుంబం భివండి పోతే ఆ పిల్ల బడి మానేసినట్టు కాదు, వలస పోయినట్టు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఇంటి పనంతా పెద్దబిడ్డ మీద పడవచ్చు. ఈ కారణాలకు పరిష్కారాలు వేర్వేరు. "డ్రాపవుట్" అని ఒక్క మాట రాస్తే ఏ పరిష్కారమూ దొరకదు.

మూడోది, ఏ రోజు రాలేదో చూడాలి. నాట్ల రోజులా, పత్తి ఏరే రోజులా, నీళ్ళు లేక మరుగుదొడ్డికి తాళం వేసిన రోజులా? "మరుగుదొడ్డి ఉంది" అన్న గడి నిండితే చాలదు, తలుపు తీసి చూడాలి.

నాలుగోది, ఆ కాగితాన్ని అధికారం ఉన్న చోట పెట్టాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలి. అంటే సంతకానికి పిలిచే తల్లులే ప్రశ్న అడిగే హక్కున్న వాళ్ళు. తమ పరిధిలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల వివరాలు ఉంచడం స్థానిక సంస్థ బాధ్యతని 9వ సెక్షన్ చెప్తుంది. వివరాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, ముప్ఫై రోజుల గడువు ఉంది.

ఒక్క హెచ్చరిక. మనం సేకరించే లెక్క తల్లి మీద నేరారోపణ కాకూడదు. కూలి చాలక బిడ్డను చాట ముందు కూచోబెట్టిన తల్లి మనకు ముద్దాయి కాదు. కూలి రేటు గురించీ, బీడీ కార్మికుల పిల్లలకు రావలసిన ఉపకార వేతనం గురించీ అదే నోటితో అడగాలి. పిల్లల పేర్లు, ఇంటి సంగతులు గోడ మీద అంటించకూడదు, సభలో చదవకూడదు. పేర్లు మన దగ్గర, అంకెలు సభ ముందు.

ఇక్కడున్న ప్రతి ఒక్కరూ వచ్చే నెల ఒక్క బడిలో, రెండు తరగతుల పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. నా హాజరుపట్టీ నేను లేకున్నా ఉన్నానంది. ఒక్కరు, ఒక్కసారి, మా ఇంటికి వచ్చి చూసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కరు మనం కావాలి.