కట్టేసి చెప్పిస్తే అది ఒప్పుకోలా?



సంతలో ఒక షావుకారు కొట్లో డబ్బు పోయిందనుకోండి. పక్కనే నిలబడ్డ మన పిల్లగాణ్ణి పట్టుకొని స్తంభానికి కట్టేస్తారు. "నేనే తీశాను" అనేదాకా కొడతారు. అన్నాక సెల్‌ఫోన్‌లో వీడియో తీసి స్టేషన్లో ఇస్తారు. ఇక ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "వాడే ఒప్పుకున్నాడు కదా, ఇంకేముంది?"

చాలా ఉంది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని మీలో చాలామందికి తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23. కానీ షావుకారు పోలీసు కాడు. బయటివాళ్ల ముందు చెప్పిన మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. చిక్కంతా ఇక్కడే. బెదిరించో, ఆశపెట్టో, బలవంతంగానో చెప్పించింది చెల్లదనే 22వ సెక్షన్ కూడా, ఆ ఒత్తిడి "అధికారం ఉన్న వ్యక్తి" నుంచి వచ్చి ఉండాలంటుంది. సర్పంచో, ఊరి పెద్దో ఆ లెక్కలోకి వస్తారా అన్నది కేసును బట్టి చూస్తారు. షావుకారు మామూలుగా రాడు. కొత్త చట్టంలో "బలవంతం" అనే మాట చేర్చారు గానీ ఈ కంత పూడ్చలేదు. పూడ్చాల్సిందనే నేనంటాను.

అయినా దెబ్బలకు చెప్పిన మాట నిలవకూడదు. ఇలాంటి ఒప్పుకోలు బలహీనమైన సాక్ష్యమనీ, ఇష్టపూర్వకంగా చెప్పిందీ నిజమైందీ అయి ఉండాలనీ, వేరే సాక్ష్యం తోడైతే దాని బరువు పెరుగుతుందనీ 2012లో సహదేవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి కొట్టారన్న సంగతి కోర్టుకు తెలియాలి కదా? మనోళ్లు దెబ్బలు దాచుకుంటారు, సిగ్గనో భయమనో. అరెస్టు చేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ మొదటి రోజే ఎవరు కొట్టారో, ఎక్కడ కొట్టారో చెప్పండి. దవాఖానా చీటీలో దెబ్బలు రాయించండి. వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. "మేజిస్ట్రేట్ దగ్గర కూడా అదే చెప్పు" అని ఎవరు బెదిరించినా చెప్పనక్కర్లేదు. ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదని ముందుగా మీకు చెప్పాల్సింది ఆ మేజిస్ట్రేటే.

ఇంకోటి. ఒప్పించడానికి కొట్టడమే నేరం. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్, ఏడేళ్ల దాకా జైలు. అది పోలీసులకే కాదు, షావుకారుకూ వర్తిస్తుంది. మన పంచాయితీలో కట్టేసి కొట్టించిన మన పెద్దమనిషికీ వర్తిస్తుంది.