జీతంతోపాటు అడగవలసిన మాట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



పిల్లలకు ఉద్యోగం రాగానే మనం అడిగేది ఒక్కటే: "జీతమెంత?" మా చెల్లెలి కొడుకు నిరుడు పెద్ద జీతం వదిలి, తక్కువ జీతానికి మరోచోట చేరాడు. నేను కోప్పడ్డాను. "మామూ, అక్కడ నిద్రపట్టట్లేదని చెప్పుకునే దిక్కులేదు. ఇక్కడ చెబితే వినే డాక్టరున్నాడు, సెలవిస్తారు, మాట బయటికి పోదు" అన్నాడు. నా నోరు మూతపడింది.

జ్వరమొస్తే సెలవడుగుతాం; మనసు బాగాలేకపోతే పిచ్చంటారని దాస్తాం. దిగులు, ఆందోళనల మూలంగా లోకంలో ఏటా సుమారు 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నష్టం యజమానికి కూడాను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మనోవ్యాధికీ శరీరవ్యాధితో సమానంగా బీమా ఇవ్వాలి. ఉద్యోగంలో చేరేముందు ఈ సంగతీ అడగమనండి.

మనలో దుకాణాలు, వర్క్‌షాపులు నడిపేవారున్నారు. డాక్టరును పెట్టే స్తోమత లేకపోవచ్చు. ప్రభుత్వంవారి టెలీ మానస్ నంబరు 14416 గోడమీద రాయడానికి ఖర్చేముంది? ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బాధ చెప్పుకున్నవాణ్ణి మాత్రం పనిలోంచి తీసెయ్యకండి. ఆ మంచిమాట బజారంతా పాకుతుంది. పనివాళ్ళు మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.