మార్పు వేళ నాయకత్వము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పది యేండ్లకు పైగా ఖమ్మము, భద్రాచల ప్రాంతపు పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న మమ్ము, ఈ విషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరిరి. బడిపంతులకు గనుల సంగతి, కర్మాగారముల సంగతి యేమి తెలియునని మొదట జంకితిమి. కాని యీ సభలో బొగ్గుబావులలో పనిచేయువారు, లారీలు నడపించువారు, చిన్న కర్మాగారములు పెట్టినవారు, కచేరీలలో పదిమందిపై నధికారులైనవారు నున్నారు. వారిలో పెక్కుమంది మా శిష్యులే. వారి యిండ్లకు పోయినప్పుడెల్ల మేము వినుచున్న మాట యొక్కటే: "పని మాఱిపోవుచున్నది, మా గతి యేమి?" ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును మీ ముందుంచుటకే నిలుచుంటిమి.

మాకు తెలిసిన విద్య వ్యాకరణము. కావున అక్కడనే యారంభింతుము. 'నీ' యను ధాతువునకు తీసికొనిపోవుట యని యర్థము. నాయకుడు, నేత్రము, వినయము అను మూడు శబ్దములును ఆ ధాతువునుండియే పుట్టినవి. త్రోవ చూపునది నేత్రము. వెంట గొనిపోవువాడు నాయకుడు. వినయమనగా తల వంచుట మాత్రమే కాదు, శిక్షణ యనియు నర్థము. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున మొదటి యధికరణమునకు వినయాధికారికమని పేరు పెట్టెను. ఒరులను నడపదలచినవాడు ముందు తాను శిక్షణ పొందవలెనని దాని భావము. చూపును, శిక్షణయు లేని పెత్తనము నాయకత్వము గాదు.

ఇక దృష్టాంతమునకు దూరము పోనక్కఱలేదు. మన యిల్లెందు ప్రాంతమున 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు బొగ్గును కనుగొనెను. 1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలైనది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడినది. మన యడవి యంచునున్న పల్లె పేరే ఆ సంస్థకు పేరైనది. నాటినుండి నేటివఱకు ఆ గనులలో పని యెన్నిమాఱులు మాఱినదో పరికింపుడు.

తొలుత బొగ్గును మందుగుండుతో పగులగొట్టి, పారతో తట్టలకెత్తి, టబ్బులలో నింపెడివారు. ఎవడెన్ని టబ్బులు నింపెనో వానికంత కూలి. ఫిల్లరు భుజబలమే వాని గౌరవము. ఊరిలో వాని పేరు ఆ టబ్బుల లెక్కతోనే నిలిచెడిది. తరువాత బొగ్గు నెత్తు యంత్రములు గనిలోనికి దిగినవి. 1970వ దశకమున రామగుండమున ఉపరితలగని వచ్చినది. 1983లో గోదావరిఖనిలో లాంగువాలు యంత్రము వచ్చినది. యంత్రము వచ్చిననాడు ఫిల్లరు పోగొట్టుకొన్నది కష్టమును మాత్రమే కాదు, తన నేర్పునకు గల విలువను గూడ. ఈ సంగతి నెఱుగని యధికారి, "నీకు శ్రమ తగ్గినది గదా, ఎందులకు గొణుగుచున్నావు?" అని యడుగును. ఎఱిగిన యధికారి, "గని పైకప్పు ఏ మూల చప్పుడు చేయునో నీకు తెలిసినంతగా ఈ యంత్రమునకు తెలియదు, దీని పక్కన నీవుండుము" అనును. ఇద్దఱి మాటలకు నడుమ నున్న దూరమే నాయకత్వము.

1990వ దశకమున ఆ సంస్థ తీవ్రనష్టములలో మునిగి, ఖాయిలా పరిశ్రమల మండలి గడప తొక్కినది. సమ్మెలు నిత్యకృత్యములైనవి. అటుపిమ్మట అది తేఱుకొనుటకు కారణములనేకము. మూలధనపు సవరణలు జరిగినవి, ప్రభుత్వముల చేయూత లభించినది. కాని మన విషయమునకు సంబంధించినవి మూడు కలవు. మొదటిది, 1998లో రహస్యపు వోటుతో గుర్తింపు సంఘమును కార్మికులే యెన్నుకొనిరి. మాట ఎవరితో నాడవలెనో తేలినది. రెండవది, వివిధ శాఖల యుద్యోగులు బృందములుగా గని గనికిని పోయి, సంస్థ యాదాయమెంత, వ్యయమెంత, ఈ యేటి లక్ష్యమెంత యని కార్మికులకు విప్పి చెప్పిరి. మూడవది, లాభము వచ్చిన పిదప దానిలో వాటా కార్మికులకు పంచిరి. మాట, లెక్క, వాటా - ఈ మూడును చేరినపుడు గాని పనివాడు "ఇది నాది" యనడు.

మనవారు శ్రద్ధతో వినవలసిన రెండవ పక్షము గూడ నున్నది. ఒకప్పుడు లక్షకు పైగా నున్న ఆ సంస్థ యుద్యోగుల సంఖ్య నేడు సగమునకంటె తక్కువ. బొగ్గు మాత్రము 2023-24లో సుమారు 7 కోట్ల టన్నులు. వేలాది కాంట్రాక్టు కార్మికులు అదే దుమ్ములో పనిచేయుచున్నారు. ఇల్లెందున తొలి గనులు ఎన్నడో మూతపడినవి. కుటుంబములు మూట ముల్లె గట్టుకొని ఇతర ప్రాంతములకు తరలిపోయినవి. కావున మార్పును పొగడుటకు మేము రాలేదు. మార్పు వచ్చునపుడు దాని బరువు ఎవరి నెత్తిపై పడుచున్నదో చూడనివాడు నాయకుడు గాడని చెప్పుటకే వచ్చితిమి.

భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది చేయుదురు. 1986లోను, 2022లోను ఆ నది 70 అడుగులు దాటినది. నదిని ఆపుట యెవరి తరము? కాని హెచ్చరిక ముందుగా వచ్చిన యింటివారు పిల్లలను, పశువులను, ధాన్యమును మెట్టకు చేర్చుకొందురు. పనిచోట గూడ నంతియే. యజమాని మార్పును ముందు తెలియజేయవలెను, మెట్టుమెట్టుగా తెలియజేయవలెను, మెట్టనేల యెక్కడనున్నదో చూపవలెను. అర్ధరాత్రి వరద వలె వచ్చిన యుత్తరువునకు జనులు భయపడుదురు గాని సహకరింపరు.

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు నొప్పుకొందుము. మేము ప్రధానోపాధ్యాయులముగా నున్న యొక పాఠశాలలో మూల్యాంకనపద్ధతి మాఱినది. నోటీసు పుస్తకమున నాలుగు పంక్తులు వ్రాసి, అందఱిచేత సంతకములు చేయించి, పని యైనదని తలచితిమి. మూడు నెలలకు రికార్డులన్నియు నిండినవి; పిల్లల చదువు మాత్రము ఉన్నచోటనే యున్నది. లెక్కలు చెప్పుటలో దిట్టయైన వృద్ధోపాధ్యాయులొకరు, కంప్యూటరులో మార్కు లెక్కించుట తెలియక, తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, రాత్రులందు పొరుగింటి బాలుని బతిమాలుకొనుచుండిరట. ఆ మాట విన్ననాడు మాకు అన్నము సహింపలేదు. ఆయనను సిగ్గుపడునట్లు చేసినది మా నోటీసు. మఱునాడు అందఱి యెదుటను, "ఈ పద్ధతి మాకును సరిగా తెలియదు, కలిసి నేర్చుకొందము" అంటిమి. క్రొత్తగా చేరిన యొక యుపాధ్యాయిని శనివారములందు ఆయనకు కంప్యూటరు నేర్పినది. ఆయన ఆమెకు మందబుద్ధులకు భిన్నములు బోధించు నేర్పును చెప్పిరి. తెలియదని ముందు పెద్ద యనిన చోట చిన్నవారికి నోరు వచ్చును. ఆ యొక్క మాటకు మాకు ముప్పది యేండ్లు పట్టినది.

మహాశయులారా! మన సంఘము గూడ ఒక పనిచోటే. ఇక్కడను లెక్కలు ఇద్దఱు ముగ్గురకే తెలియుచున్నవి. నిర్ణయములు ముందుగదిలో జరిగి, సభలో చప్పట్లు మాత్రము మిగులుచున్నవి. భూగర్భగనులలో సాంకేతిక, పర్యవేక్షణ పదవులకు స్త్రీలను ప్రభుత్వము 2019లో అనుమతించినది. మన కార్యవర్గపు గదిలోనికి వారింకను రాలేదు. కావున మూడు విన్నపములు చేయుచున్నాము. మన సంఘపు జమాఖర్చులను ప్రతి సంవత్సరమును విద్యార్థులతో సహా అందఱికిని చదివి వినిపింపుడు. విద్యార్థివేతనముల సంఘమును యువతీయువకుల చేతిలో పెట్టి, వారు తప్పు చేసినను ఒక యేడు ఓర్చుకొనుడు. పనివాండ్రు గల పోషకులు యంత్రము కొనుటకు ముందే వారిని పిలిచి, ఎవరికేమి నేర్పింతురో చెప్పుడు. ఊడ్చువానిని గూడ ఆ సభకు పిలువుడు.

మా తరము పదవిని పట్టుకొనుట నేర్చినది; అప్పగించుట నేర్వలేదు. మీరు దానిని నేర్చిన యెడల ఈ పంతులు పాఠము వృథా కాలేదని సంతోషింతుము.

స్వస్తి.