'వాక్ ఎరౌండ్' అంటే తిరగడమేనా?
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న కలిసినప్పుడల్లా మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలుచుకుంటాం, తరువాత డి.ఏ. బకాయిల మీద పడతాం. ఈసారి కార్యదర్శిగారు, "పిల్లల దగ్గరకు అమెరికా వెళితే మనవళ్లతో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడలేక కూర్చుంటున్నామండీ, ఏదైనా పనికొచ్చేది చెప్పండి" అన్నారు. నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్టులు రాసిన గుమాస్తాను. అందుకని పెద్ద వ్యాకరణం జోలికి పోకుండా ఒక్క మాట తీసుకున్నాను. 'వాక్ ఎరౌండ్'. రిటైరయ్యాక మనం చేసే ముఖ్యమైన పని అదే కదా!

తెలుగులో 'తిరగడం' అనే మాటకు చాకిరీ ఎక్కువ. చక్రం తిరుగుతుంది, తల తిరుగుతుంది. కుర్రాడు బలాదూరు తిరుగుతాడు. గుడి చుట్టూ తిరుగుతాం, ఊళ్లు తిరుగుతాం, ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. ఒక్క మాటతో ఇన్ని పనులు చేయించుకోవడం మనకు అలవాటై, ఇంగ్లీషులో కూడా ఒక్క మాటతోనే గట్టెక్కాలని చూస్తాం. అక్కడే దెబ్బ తింటాం.

'వాక్' అంటే నడక. దాని పక్కన చిన్న మాట చేరిస్తే అర్థం మారిపోతుంది. ఇలాంటి జంటలను ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ఆ పేరును 1925లో తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చినవాడు లోగన్ పియర్సాల్ స్మిత్. 'వాక్ అవుట్' అంటే నిరసనగా లేచిపోవడం. శాసనసభ పుణ్యమా అని అది 'వాకౌట్'గా తెలుగైపోయింది. 'వాక్ ఎరౌండ్' అంటే ఫలానా చోటికి అని లేకుండా అటూ ఇటూ తిరగడం, చూస్తూ నడవడం. మన పచార్లు, షికారు దీనికి దగ్గరి చుట్టాలు.

వాక్యాల్లో చూద్దాం. 'వి వాక్ట్ ఎరౌండ్ ది ఓల్డ్ సిటీ ఫర్ టూ అవర్స్'. పాతబస్తీలో రెండు గంటలు తిరిగాం. 'హి ఈజ్ వాకింగ్ ఎరౌండ్ ది హౌస్ ఇన్ హిజ్ స్లిప్పర్స్'. చెప్పులతోనే ఇంట్లో తిరుగుతున్నాడు. (ఇది మా ఇంట్లో రోజూ పనికొచ్చే వాక్యం.) జరిగిపోయిన దానికి మనం 'వాక్డ్' అంటాం. వాళ్ల నోట అది 'వాక్ట్'. మధ్యలో ఎల్ అక్షరం ఉన్నా పలకరు.

ఇక్కడొక మెలిక ఉంది. 'ఎరౌండ్' అంటే 'అంతటా' అనీ అవుతుంది, 'చుట్టూ' అనీ అవుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అది 'వాకింగ్ ఎరౌండ్ ది హిల్', కొండ చుట్టూ. దర్శనమయ్యాక కొండ మీద అటూ ఇటూ తిరిగితే 'వాకింగ్ ఎరౌండ్ ఆన్ ది హిల్'. చుట్టి రావడమా, అంతటా తిరగడమా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. హైదరాబాదులో ట్యాంక్ బండ్ మీద నడిస్తే మాత్రం ఈ రెండూ కావు. బండ్ అంటే గట్టు, చెరువుకు ఒక వైపే ఉంటుంది. కనుక 'వాక్ ఎలాంగ్ ది ట్యాంక్ బండ్' అనాలి.

మరో పొరపాటు మనందరిదీ. 'ఐ యామ్ డైలీ గోయింగ్ ఫర్ వాకింగ్' అంటాం. 'ఐ గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ డే' అంటే చాలు. 'టేక్ ఎ వాక్' అన్నా అదే అర్థం. కానీ ఎదుటివారితో విసురుగా అంటే 'ఇక దయచేయవయ్యా' అన్నట్టవుతుంది. అమెరికాలో పక్కింటాయనతో కాస్త జాగ్రత్త.

తెలుగూ ఇంగ్లీషూ చక్కగా కలిసే చోటు కూడా ఒకటుంది. మోకాలి ఆపరేషన్ అయిన వారిని గురించి 'ఈజ్ హి వాకింగ్ ఎరౌండ్ నౌ?' అని అడిగితే, 'మంచం దిగి తిరుగుతున్నారా?' అని. మనం పరామర్శకు వెళ్లి అడిగే మాటే! ఇంగ్లండు వారు 'ఎరౌండ్' బదులు 'ఎబౌట్' కూడా ఎక్కువగా వాడతారు.

ఇక నేను దెబ్బ తిన్న సంగతి చెబుతాను. మా సెక్షన్‌లో పనిచేస్తూ పోయిన ఒక మిత్రుడి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. ఆవిడను మేమంతా వదినగారనే వాళ్లం. ఎనిమిది నెలలుగా ఆవిడ ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. నేను రాసిపెడతానని గొప్పకు పోయి అర్జీ రాశాను. 'షీ హాజ్ బీన్ వాకింగ్ ఎరౌండ్ యువర్ ఆఫీస్ ఫర్ ఎయిట్ మంత్స్' అని. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేశానన్నమాట. సూపరింటెండెంటు అది పైకి చదివి, "చుట్టూ ఎందుకండీ, లోపలికే రమ్మనండి" అన్నాడు. సెక్షన్ అంతా నవ్వింది. పక్కనే నిలబడ్డ వదినగారికి ఇంగ్లీషు రాదు. అందరూ నవ్వడం చూసి, పని అయిందనుకుని, "ఏమన్నారు బాబూ, ఇచ్చేస్తామన్నారా?" అని అడిగారు.

నేను ఏ జవాబూ చెప్పలేకపోయాను. బస్సులో కూడా మాట్లాడలేదు.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. గోడకు క్యాలెండరు ఉంది, పాల లెక్కలు వేసుకునేది. ఆఫీసుకు వెళ్లిన ప్రతి తేదీ చుట్టూ ఆవిడ పెన్సిలుతో సున్న చుట్టి పెట్టుకున్నారు. పదకొండు సున్నలు. ఎదురుగా కూర్చుని మళ్లీ రాశాను. 'షీ కేమ్ టు యువర్ ఆఫీస్ ఆన్ ది ఫాలోయింగ్ డేట్స్' అని మొదలుపెట్టి పదకొండు తేదీలూ వేసి, ఏ రోజు ఏ కాగితం తెమ్మన్నారో పక్కన రాశాను. ఒక నకలు పై అధికారికి కూడా పంపాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పోయిందన్న సర్వీసు రిజిస్టరు వారం రోజుల్లో దొరికింది. రెండు నెలలకు బకాయితో సహా పింఛను చేతికొచ్చింది.

ఇంగ్లీషు బాగుపడినందుకు డబ్బు వచ్చిందని నేననను. తేదీలు వేసేసరికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వచ్చింది. అయితే, 'తిరిగాను' అన్న మాటను ఇంగ్లీషులో పెట్టబోయి ఆగాను గనుకనే తేదీలు వెతికాను. ఆఫీసుల చుట్టూ తిరగడానికి 'వాక్ ఎరౌండ్' పనికిరాదు. ఎన్నిసార్లు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో రాయండి.

తరువాత ఒకసారి వదినగారికి ఆ నవ్వుల సంగతి విడమరిచి చెప్పి క్షమించమన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మీరు మొదట రాసిందే నిజం బాబూ. సగం రోజులు నన్ను లోపలికి రానివ్వలేదుగా, వరండాలోనే తిరిగాను" అన్నారు.

అనుమానాలుంటే టీ దగ్గర అడగండి. రెండు వాక్యాలు సొంతంగా చెప్పిన వారికే జవాబు. సెలవు.