దడువాయి అంటే ఎవరు? ఎనుమాముల యార్డులో ఒక పాత మాట

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క మాట గురించే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తీసుకుపోయే ఇంట్లో పుట్టినోళ్లకు ఇది తెలిసే ఉంటది. మిగతావాళ్లు పేపర్లో చూసి ఉంటారు, "హమాలీలు, దడువాయిలు, గుమస్తాలు" అని. హమాలీ బస్తాలు మోస్తాడు, గుమస్తా లెక్క రాస్తాడు. మరి దడువాయి?

కాంటా వేసే మనిషి. రైతు తరఫు కాదు, ఖరీదుదారు తరఫూ కాదు. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం ఈ పని చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఏడాది కష్టం ఎన్ని క్వింటాళ్లో తేల్చేది ఆయనే కదా, అందుకు.

మాట మాత్రం మన తెలుగుది కాదు. హిందీలో "ధడ్‌వాయీ" అంటే తూకం వేసేవాడు. దాంట్లో ఉన్నది "ధడా". ధడా అంటే తూనికరాయి. ఇంకో అర్థం కూడా ఉంది, నాకు అదే బాగా నచ్చింది. నూనె తూచాలంటే ముందు ఖాళీ గిన్నెను ఒక తక్కెడలో పెట్టి, రెండో తక్కెడలో అంతే బరువు వేసి సమానం చేస్తారు. దాన్నే ధడా చేయడం అంటారు. అంటే సరుకు పెట్టకముందే న్యాయం చేయడమన్నమాట! మన నోట్లో "ధ" ఒత్తు పోయి దడువాయి అయ్యింది. "కాంటా" కూడా అటునుంచి వచ్చిందే. హిందీలో ముల్లు అని అర్థం, తక్కెడ మీద నిలబడే ముల్లు.

ఇప్పుడు ముల్లు లేదు, ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చినయ్. కానీ ధడా ఎక్కడికీ పోలేదు. కాంటా మీద "టేర్" అని బటన్ ఉంటది చూడండి, అది చేసేది అదే పని. ఆ టేర్ కూడా ఇంగ్లిష్‌లో పుట్టింది కాదు, అరబ్బీలో "తీసి పారేసేది" అనే మాట నుంచి యూరప్ పోయింది. ఎంత తిరిగి మళ్లీ మన మిర్చి బస్తా దగ్గరకే వచ్చిందో!

మీ నాన్నతోనో తాతతోనో యార్డుకు పోతే, బస్తా ఎక్కించకముందు స్క్రీన్ మీద సున్నా ఉందా లేదా చూడండి. ఖాళీ సంచి బరువు ఎంత తీసేస్తున్నారో అడగండి. తరుగు పేరుతో కిలోలు పోయేది అక్కడే. సున్నా లేకపోతే "ఒక్కసారి సున్నా చెయ్యన్నా" అనండి, మొహమాటపడకండి.

వచ్చే ఎపిసోడ్‌లో "అడ్తి" సంగతి చూద్దాం. మీ దగ్గర కాంటా వేసేటాయన్ని ఏమంటారో రాయండి.