మండలం ఎవరిది?

(ఆళ్లగడ్డలో దళితవాడల కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాస పాఠం)



మా బడి పిల్లోల్లను మండలమంటే ఏందిరా అని అడిగితే ‘ఎమ్మార్వో ఆఫీసు సార్’ అంటారు. ఎమ్మార్వో పేరు పోయి మళ్లీ తహశీల్దారు అయినా జనం నోట్లో ఆ మాటే వుంది. ఆ జవాబు తప్పని నేననను. మనకు మండలమంటే మొదట ఆఫీసే.

1985కు ముందు తాలూకా, ఫిర్కా, సమితి అనేవాళ్లు. తహశీలు అరబ్బీ మాట, వసూలని అర్థం. శిస్తు కట్టడానికి సెంటు భూమి లేని మాల మాదిగలకు ఆ వసూలు దొరతో పనేముంటుంది? మన పనంతా వూళ్లోనే, కరణం అరుగు కింద. ఏ సర్వే నంబరు ఎవరి పేరుందో ఆయనింటి పుస్తకాలకే ఎరుక. అరుగెక్కనియ్యనోడి ఇంట్లో మన బంజరు లెక్క!

1984 జనవరిలో రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మరుసటేడు తాలూకాలను విడగొట్టి మండలాలు చేసింది. ఒక్క ఆళ్లగడ్డ నియోజకవర్గంలోనే ఆరు: ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు. ఆఫీసు దగ్గరికొచ్చింది, లెక్కలు కరణం ఇల్లు దాటినాయి. కూలి చెడే రోజులు తగ్గినాయి. నేను దీన్ని చిన్న సంగతిగా చూడను.

మండలమంటే వలయం. (1990లో కొట్లాటలు జరిగిన మండల్ వేరు, అది బి.పి. మండల్ ఇంటిపేరు.) వలయం నడిమధ్య ఎవరు కూచున్నారు? 1987 ఎన్నికల్లో రిజర్వు స్థానాల్లో మనోళ్లు మండలాధ్యక్షులైనారు. చాలాచోట్ల కుర్చీ మనది, పెత్తనం దొరలది.

అర్జీలో ‘గ్రామం’ అని గడి వుంటుంది, ‘వాడ’ అని వుండదు. రెవెన్యూ లెక్కలో వూరూ వాడా ఒకటే. శ్మశానం కాడ మాత్రం రెండు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. మన పాత పట్టాల్లో కర్నూలు జిల్లా అని, ఇంకా పాతవాటిలో తాలూకా అని వుంటుంది. ‘ఈ కాగితం ఇక్కడిది కాదు పో’ అని గుమాస్తా అంటే తిరిగి రావద్దు. జిల్లా మారింది గానీ చేను యాడికీ పోలేదు. గ్రామం పేరు, సర్వే నంబరు చూపించండి. తీసుకోనంటే కారణం రాసిమ్మనండి. తీసుకుంటే రసీదు లేకుండా గడప దాటొద్దు.

రసీదు రానోళ్లు ఇక్కడే పేర్లు రాయించండి. సోమవారం నంద్యాల కలెక్టరాఫీసుకు అందరం కలిసే పోదాం. ఆటో నేను మాట్లాడతా.