సంఘ సమావేశములకు వీడియో సాధనము నెన్నుకొనుట
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలనేకులు ప్రసంగింతురు. నాకొసగబడిన విషయము చిన్నదిగా దోచును. సంఘ సమావేశములకు ఏ వీడియో సాధనము నెన్నుకొనవలయుననునదే యా విషయము. కాని ఆ వేతనములు, ఆ గృహములు ఎవరెవరి యాలోచనతో నిర్ణయింపబడుననునది యీ చిన్న విషయముపై నాధారపడి యున్నది.

మన సభ్యులు నేడు హైదరాబాదు, విశాఖపట్టణము, చెన్నపట్టణములందే గాక డల్లాసు, లండను, సిడ్నీ నగరములందును నివసించుచున్నారు. పల్లెలను వీడని వృద్ధులును, ఇల్లు విడిచి దూరము రాజాలని స్త్రీలును గలరు. చందా అందరిది; సమావేశమునకు రాగలవారు కార్యాలయమునకు చేరువనున్న కొందరు. ఆ కొందరి నిర్ణయమే సంఘ నిర్ణయమగుచున్నది. దూరస్థులకును మాట యుండవలెనన్నచో నీ సాధనము వలయును. అట్లగుటచే దానిని కార్యాలయములోని పెద్దతెర యెదుట గాక, పల్లెలోని వృద్ధసభ్యుని చేతిఫోనునందు పరీక్షించి యెన్నుకొనవలయునని నా మనవి.

యంత్రము చక్కనిదైనంతమాత్రమున జనులు దానిని స్వీకరింపరు. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థవారు, మాటలాడువారి బొమ్మను గూడ జూపు 'పిక్చర్‌ఫోను'ను 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున నుంచిరి. 1970లో పిట్స్‌బర్గు నగరమున వాడుకకు దెచ్చిరి. నెలకు 160 డాలర్ల రుసుమును భరించువారు చాలినంతమంది లేక యది నిలువజాలకపోయెను.

నేడు ధర యంత యడ్డు గాదు. జూమ్ ఉచితముగా 100 మందికి 40 నిమిషముల సమావేశము నిచ్చును. గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ అంతమందికే 60 నిమిషముల నిచ్చును. మన కార్యవర్గ సమావేశమొకటియైనను 40 నిమిషములలో ముగిసినదా? కావున రుసుము చెల్లింపక తప్పదు. అయినను సమావేశమును నడుపు సంఘమొక్కటి చెల్లించిన చాలును, చేరువారు చెల్లింపనక్కరలేదు. సర్వసభ్య సమావేశమునకు నూర్గురను మించి వత్తురు గనుక, ఎందరికి చోటుండునో ముందే విచారింపవలెను.

ఇంతకంటె ముఖ్యము పల్లెలోని ఇంటర్నెట్టు బలము. జూమ్ సంస్థవారి లెక్క ప్రకారము, బొమ్మతో గూడిన సమావేశమునకు సెకనుకు 600 కిలోబిట్లైన వలయును. గొంతు మాత్రమునకు 60 మొదలు 80 వరకు చాలును. అనగా గంటకు 270 మెగాబైట్లు వ్యయమగుచోట 36 మెగాబైట్లతోనే పని జరుగును. బొమ్మ నాపి మాట మాత్రము వినుటకును, మామూలు టెలిఫోనుద్వారా చేరుటకును వీలుగల సాధనమే మనకు తగినది. అందరును తమ ముఖము చూపితీరవలెనని నిర్బంధించుట పేదసభ్యుని వాకిట నిలుపుటయే.

ఇక భద్రత. 2020 ఏప్రిలులో కేంద్ర హోంశాఖవారు జూమ్ విషయమున హెచ్చరిక చేసి, ప్రతి సమావేశమునకు క్రొత్త పాస్‌వర్డు పెట్టుట, వచ్చినవారిని ముందు వేచియుండు గదిలో నిలుపుట, అందరును చేరినపిమ్మట తలుపు మూయుట మొదలగు జాగ్రత్తలను సూచించిరి. ఇవి ఏ సాధనమునకైనను వర్తించును. ఆ యేడే అక్టోబరులో, సంస్థవారును వినజాలని సంపూర్ణ గుప్తలిపి యేర్పాటు జూమ్‌నందు వచ్చెను. కాని దానిని వాడునపుడు టెలిఫోనుద్వారా చేరుట వీలుపడదు. కావున విద్యార్థుల కుటుంబాదాయములను చర్చించు ఉపసంఘమున గుప్తతకును, సర్వసభ్య సమావేశమున సౌలభ్యమునకును ప్రాధాన్య మీయవలెను.

జిత్సీ, బిగ్‌బ్లూబటన్ అనువానిని రుసుము లేక సొంత సర్వరుపై నిలుపుకొనవచ్చును. కేరళలో ఆలప్పుళయందలి టెక్జెన్షియా సంస్థవారి వీకన్సోల్ 2020లో కేంద్రప్రభుత్వపు పోటీయందు కోటిరూపాయల బహుమానము నందెను. అయితే సర్వరును రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండు మనిషి లేనిచో, బావి త్రవ్వించి త్రాడు మరచినట్లగును.

ఏ సాధనమును శాశ్వతము గాదు. 2003లో వెలసిన స్కైప్ 2025 మే 5వ తేదీన మూతవడినది. కావున సభ్యుల పట్టికయు, తీర్మానముల పుస్తకమును మన చేతిలోనే యుండవలెను. ఖాతా కార్యదర్శి సొంత పేర గాక సంఘము పేర నుండవలెను. లేనిచో కార్యదర్శి మారినపుడు తాళపుచెవియు వారితోనే పోవును. సాధనము తీర్పజాలని చిక్కొకటి గలదు. మనకు రాత్రి 9 గంటలైనపుడు డల్లాసులో ఉదయము, సిడ్నీలో నర్ధరాత్రి దాటిన వేళ. ఒకమారు వారికి, ఒకమారు వీరికి అనుకూలముగా వేళ మార్చుటయే న్యాయము.

అన్నిటికంటె ముందు నియమావళి. తెరమీద కనబడిన సభ్యుడు కోరమునకు లెక్కవచ్చునా, ఆయన యోటు చెల్లునా యని నియమావళి స్పష్టముగా చెప్పనిచో, దూరస్థుడు ప్రేక్షకుడే యగును. కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిలులో కంపెనీల సర్వసభ్య సమావేశములను ఇట్లు జరుపుకొన ననుమతించినది. అది కంపెనీలకు జేసిన యేర్పాటేగాని మనవంటి సంఘములకు జేసినది గాదు.

కావున మూడు ప్రతిపాదనలను సభవారి యెదుట నుంచుచున్నాను. న్యాయవాదులగు మన సభ్యులు తగిన నియమసవరణను వ్రాసి యీయవలెను. రెండు సాధనములను రెండు నెలలు వాడిచూచి, ఇంటర్నెట్టు బలము తక్కువగానున్న పదిమంది సభ్యులకు ఏది స్పష్టముగా వినబడునో దానినే కైకొనవలెను. ప్రతి గ్రామమునను ఒక యువకుడుగాని యువతిగాని పెద్దలకు దాని వాడుక నేర్పవలెను.

ఉదారులగు పోషకులు మనకు సభామందిరముల నిర్మించి యిచ్చిరి. దూరస్థులు ప్రవేశించుట కామందిరములకు ఇంకొక ద్వారము పెట్టుటయే యీ కార్యము. దాని యేటి రుసుమును భరించుటకును వారు ముందునకు వత్తురని యాశించుచున్నాను.